శిశుశిక్ష: వేఱుచేయుట యను తొలివిద్య

మూడేండ్ల బిడ్డచేతికి పలక నిచ్చి అక్షరములు దిద్దించినగాని చదువు మొదలు కాలేదని మనలో పలువురి తలంపు. అంగన్‌వాడిలో ఆటలే యాడించుచున్నారని బిడ్డను మాన్పించి, వ్రాత నేర్పు బడికి సొమ్ము చెల్లించి పంపు తల్లులును గలరు. బిడ్డ వెనుకబడునేమో యను భయమే దీనికి మూలము. కాని అక్షరములకు ముందు నేర్వవలసిన విద్య యొకటి కలదు. అది వస్తువులలోని పోలికను, భేదమును గుర్తించి వానిని వర్గములుగా జేయుట. ‘ప’కారమునకును ‘వ’కారమునకును గల సూక్ష్మభేదమును గనిపెట్టలేని కంటికి అక్షరమెట్లు నిలుచును?

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. అమరకోశము వల్లించినవారికి వర్గమను మాట పరిచితమే. అమరసింహుడు చెట్లను, ఓషధులను వనౌషధివర్గమునందును, మృగపక్షులను సింహాదివర్గమునందును గూర్చెను. అక్షరము లెఱుగని తల్లులును ఈ పనినే చేతులతో జేయుచున్నారు. మహబూబాబాదు ప్రాంతమున మిరపకాయ లెండిన పిమ్మట స్త్రీలు కల్లమున గూర్చుండి మేలికాయను, తాలుకాయను వేఱుచేయుదురు. తాలుకాయకు ధర తక్కువ గనుక కన్ను తప్పిన సొమ్ము తప్పును. బిడ్డకు మనము నేర్పునదియు ఆ చూపే. మిరపకాయలను మాత్రము పసివారి చేతి కీయరాదు.

2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో ఈ విద్యకు బతుకమ్మ పండుగను మించిన పాఠశాల లేదు. మూడేండ్ల బిడ్డ ముందు తంగేడుపూలను, గునుగుపూలను కలిపి పోసి, రెండు పళ్లెములలో ఒక్కొక్క పువ్వు నుంచి, “దీని జత యేది?” యని యడుగవలయును. నాలుగేండ్ల బిడ్డకు పెద్దవియు చిన్నవియు నగు బంతి, చామంతిపూల నీయవచ్చును. రంగునుబట్టి వేఱుచేసిన పిమ్మట మఱల కలిపి, “ఇంకొక విధముగా చేయగలవా?” యనవలయును. ఒకే వస్తువును పలువిధముల జూడవచ్చునని బిడ్డ తెలిసికొనుట యిచ్చటనే. అయిదేండ్లు వచ్చినవారిని, “పసుపుపచ్చనివై పెద్దవియు నగు పూలను దెమ్ము” అని రెండు గుణముల నొక్కసారి చెప్పి పరీక్షింపవచ్చును. ఆడపిల్లతోబాటు మగపిల్లవానిని గూడ కూర్చుండబెట్టుడు.

బిడ్డ చేసినది మనకు తప్పుగా దోచినను వెంటనే దిద్దక, “ఇది యిచ్చట నేల పెట్టితివి?” అని యడుగుడు. గరిటెను గరిటెలతో గాక అన్నపుగిన్నెతో జేర్చి, “దీనితో వడ్డింతువు గదా!” యన్న బిడ్డ ఆలోచింపని బిడ్డ కాదు.

స్విట్జర్లాండు దేశీయుడగు జాఁ పియాజే యను పండితుడు పిల్లల బుద్ధివికాసమును చిరకాలము పరిశీలించెను. ఆయన పద్ధతిని మన పూలకు మార్చి చెప్పెదము. ఆఱు తంగేడుపూలను, రెండు బంతిపూలను ఉంచి, “తంగేడుపూ లెక్కువా, పూ లెక్కువా?” అని యడిగినచో అయిదేండ్ల పిల్లలు పెక్కుమంది తంగేడుపూలే యెక్కువ యందురు. తంగేడు తంగేడుగా నుండియే పువ్వును నగునను జ్ఞానము సాధారణముగా ఏడెనిమిదేండ్లకు గాని స్థిరపడదు. అందుకై గద్దించుట కాయగాక మునుపే పండును గోరుట.

1939లో మదరాసునందలి అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చిన మరియా మాంటిసోరీ విదుషీమణియు పసివారిచేత రంగుపలకలను జతపఱపించుచుండెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడేండ్లనుండి ఎనిమిదేండ్లవఱకు పునాదిదశ యని యెంచి ఆటద్వారమున బోధన ముఖ్యమని చెప్పినది. ఇంటిభాషలో బోధింపవలెననియు నందే కలదు. కావున తండాలలో లంబాడీ తల్లియు, అడవిపల్లెలలో కోయ తల్లియు పూలపేరులను తమ మాటలోనే ముందు చెప్పుట మేలు.

ఒక్క హెచ్చరిక. చింతగింజలు, పల్లీలు, సెనగలు మూడేండ్లలోపువారికి గొంతున నడ్డుపడి ప్రాణముమీదికి దేగలవు. ముక్కులలో, చెవులలో దూర్చుకొనుటయు గలదు. ఎఱ్ఱని గురిగింజయు, ఆముదపుగింజయు, గన్నేరును విషములు. ఇవి ఏ వయసువారి యాటకును పనికిరావు. పెద్దవారు ప్రక్కనుండక ఈ యాట సాగరాదు.

కడపట నొక్కమాట. వేఱుచేయ నేర్చిన బిడ్డ పూలతో ఆగడు. మనుష్యులను గూడ వేఱుచేయ జూచును. ఎవరికి ఏ గ్లాసులో నీరిత్తుమో, ఎవరిని గడపదాటి లోనికి రానిత్తుమో, నాలుగేండ్ల కన్ను గమనించుచునే యుండును. “వారి కా గ్లాసేల?” యని బిడ్డ మనలనే యడిగినపుడు చెప్పుటకు దగిన కారణము మనయొద్ద లేకున్నచో, మార్చుకొనవలసినది బిడ్డ ప్రశ్నను గాదు, మన గ్లాసును.