బీదర్ నుండి బందరు తీరానికి: సముద్రమెరుగని యాత్రికులకు కాపు ఎవరు?

బీదర్‌లో రాత్రి మచిలీపట్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కిన కుటుంబం మరునాడు బందరులో దిగుతుంది. మధ్యలో బండి మారే పని లేదు. ఊరికి సుమారు 11 కిలోమీటర్ల దూరాన మంగినపూడి తీరం ఉంది. జహీరాబాదు, నారాయణఖేడ్ పొలిమేరలకు ఆనుకొన్న బీదర్ జిల్లా తెలుగు పల్లెలకు సొంత రాష్ట్రపు కార్వారు, గోకర్ణం కంటె ఈ తీరమే చేరువగా తోచడంలో వింత లేదు. పౌర్ణమి స్నానం, దత్తాశ్రమ దర్శనం, రాత్రికి ఒడ్డున చాప పరచుకొని ఇంత వండుకొని తినడం: పెద్దలు కోరే యాత్ర ఇంతే. పిల్లలు కోరేది సముద్రం. ఈ చిన్న కోరికకు ప్రభుత్వాలు చేసిన ఏర్పాటు ఎంత అన్నది విచారించవలసిన విషయం.

తీరాల విషయంలో పాలకులు ఎక్కువగా చెప్పుకొనేది గుర్తింపుల గురించి, ఉత్సవాల గురించి. 2020 అక్టోబరులో దేశంలోని ఎనిమిది తీరాలకు ‘బ్లూ ఫ్లాగ్’ అంతర్జాతీయ గుర్తింపు లభించింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ నుండి ఋషికొండ, కర్ణాటక నుండి కాసరకోడు, పడుబిద్రి ఉన్నాయి. నీటి శుభ్రత మొదలుకొని మరుగుదొడ్లు, ప్రాణరక్షకుల వరకు 33 ప్రమాణాలు పాటిస్తేనే ఆ నీలి పతాకం ఎగురుతుంది. నిర్వహణ లోపాల వలన 2025 ఆరంభంలో ఋషికొండ ఆ గుర్తింపును తాత్కాలికంగా కోల్పోయి, కొద్ది వారాలకు తిరిగి పొందింది. మంగినపూడిలో అదే ఏడాది జూన్‌లో మసూలా బీచ్ ఫెస్టివల్ నాలుగు రోజులు జరిగింది. యాత్రికులు మాత్రం ఏడాది పొడవునా వస్తారు.

బ్లూ ఫ్లాగ్ ప్రమాణాలలో మన కుటుంబాలకు నేరుగా తగిలేది ఒకటుంది. అనుమతి లేకుండా తీరంలో గుడారాలు వేయరాదు. నియమం సబబైనదే; ఇసుకలో పొయ్యి పెట్టి, విస్తళ్లు అక్కడే వదలి రావడాన్ని ఎవరూ సమర్థించలేరు. కాని అనుమతి గల చోటు ఏది? గది అద్దెకు తీసుకోలేని కుటుంబం రాత్రి ఎక్కడ తల దాచుకోవాలి? తీరప్రాంత నియంత్రణ మండలి చట్టం అడ్డు వస్తుందని అధికారులు చెప్పడం పరిపాటి. అది పూర్తిగా నిజం కాదు. 2019 నాటి ప్రకటన ప్రకారం పోటు గీతకు కనీసం 10 మీటర్ల ఎడంగా మరుగుదొడ్లు, బట్టలు మార్చుకొనే గదులు, మంచినీటి వసతి వంటి తాత్కాలిక ఏర్పాట్లు చేయవచ్చును. కొరవడినది చట్టం కాదు, శ్రద్ధ.

వసతి లేకపోవడం కష్టం మాత్రమే. కాపలా లేకపోవడం ప్రాణాంతకం. 2024 డిసెంబరు 10న ఉత్తర కన్నడ జిల్లా మురుడేశ్వర తీరంలో విహారయాత్రకు వచ్చిన నలుగురు విద్యార్థినులు మునిగి మరణించారు. వారు కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలోని వసతి పాఠశాల పిల్లలు. ఆ తాలూకా కూడా బీదర్ వలె తెలుగు వినిపించే సరిహద్దు సీమ, సముద్రానికి దూరమైన మెట్ట ప్రాంతం. ఉపాధ్యాయులపై చర్యలు తీసుకొన్నారు, తీరాన్ని కొంతకాలం మూసివేశారు. పిల్లలకు సముద్రం గురించి ముందుగా ఎవరు చెప్పాలన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

మన పిల్లలు ఎరిగిన నీరు బావిది, చెరువుది, మంజీర మడుగుది. బావిలో ఈత నేర్చినవాడికి లోతు ఒక్కటే శత్రువు. సముద్రంలో మోకాలి లోతున నిలిచినవాణ్ణి కూడా వెనుదిరిగే నీరు లోపలికి లాగుకొనిపోతుంది. రిప్ కరెంట్ అనే ఆ ప్రవాహం మనిషిని కిందికి ముంచదు, ఒడ్డుకు దూరంగా తోస్తుంది. దానికి ఎదురీదినవాడు అలసి మునిగిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే దాని నుండి బయటపడవచ్చు. ఈత రానివాడు తేలుతూ చేయెత్తి పిలవాలి.

పోటు సంగతి మరొకటి. పౌర్ణమి, అమావాస్యలకు పోటు మిక్కిలి ఎక్కువగా ఉంటుంది. పుణ్యస్నానాలూ ఆ రోజులలోనే. సాయంత్రం పొడిగా ఉన్నచోట పరచిన చాప అర్ధరాత్రికి తడవవచ్చు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినది కూడా పౌర్ణమి ఉదయమే. కృష్ణా తీరంలో స్నానానికి దిగినవారు కొందరు కొట్టుకుపోయారు. సునామీకి చంద్రునితో సంబంధం లేదు, జనం ఆ వేళకు నీటిలో ఉండడానికి ఉంది.

ఇక భాష. బీదర్ పల్లెలలో ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడమే చదివే పిల్లలు ఎందరో. తెలుగు తీరంలోని హెచ్చరిక పలకను వారు కూడబలుక్కొని చదవాలి. లిపులు చుట్టాలే అయినా కెరటం అంతసేపు ఆగదు. జెండాకు ఈ చిక్కు లేదు. ఎర్రజెండా ఎగిరితే నీట దిగరాదు. ఎరుపు, పసుపు రంగుల జెండాలు రెండు పాతి ఉంటే వాటి నడుమ ప్రాణరక్షకుల చూపు ఉంటుంది, అక్కడే స్నానం చేయాలి. ప్రపంచమంతటా ఇదే సంకేతం. విహారయాత్రకు బయలుదేరే ముందు ప్రతి బడిలో పది నిమిషాలు చాలు దీనిని నేర్పడానికి. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఎత్తైన అలల గురించి ముందే హెచ్చరికలు ఇస్తుంది. యాత్ర తేదీ నిశ్చయించేవారు వాటిని చూసుకోవడం మేలు.

2023 జూలైలో ఋషికొండ తీరానికి 20 రూపాయల ప్రవేశ రుసుము విధించబోయి, వ్యతిరేకత రాగా ప్రభుత్వం వెనుకకు తగ్గింది. సముద్రం చూడడానికి వెల కట్టడం జనానికి రుచించలేదు. అదే 20 రూపాయలకు ఒక వెలుగుతున్న దీపం, తాళం వేయని మరుగుదొడ్డి, ఈల చేతబట్టిన కాపరి, రాత్రికి ఒక రేకుల పందిరి చూపి ఉంటే, బందరు బండి దిగిన బీదర్ కుటుంబాలు చెల్లించడానికి వెనుదీసేవి కావేమో.