తెరచాటు పాటగాడు

పాట చెవిన పడగానే పాడినవారెవరని అడుగుతాం. రాసినవారెవరని అడిగేవారు అరుదు. ఇక పాట రాసి, దానిని చక్కగా పాడగలిగి కూడా వేదికకు దూరంగా మసలిన వ్యక్తిని లోకం ఏమని తలుస్తుంది? అవకాశాలను చేజార్చుకున్నవాడని జాలిపడటం పరిపాటి. అమెరికాలోని లూసియానా రాష్ట్రానికి చెందిన బాబీ చార్లెస్ విషయంలో ఆ జాలి అనవసరమని నా అభిప్రాయం.

ఆయన అసలు పేరు రాబర్ట్ చార్లెస్ గిడ్రీ. 1938లో ఆబెవిల్ అనే చిన్న పట్టణంలో ఒక కేజన్ కుటుంబంలో జన్మించాడు. కేజన్లు ఫ్రెంచి సంతతికి చెందిన శ్వేతజాతీయులు. వారి పూర్వికులను కెనడా తూర్పు తీరంలోని అకేడియా నుండి 1755 మొదలుకొని ఆంగ్లేయులు వెళ్లగొట్టగా, అనేకులు కాలక్రమంలో లూసియానా చిత్తడి నేలలకు చేరుకొన్నారు. అక్కడా వారి భాషకు నీడ దొరకలేదు. 1921 నాటి రాష్ట్ర రాజ్యాంగం బడులలో ఆంగ్లాన్నే విధించింది. ఫ్రెంచి మాట్లాడిన పిల్లలు దండనకు గురయ్యేవారు. ఇంటి పాటల ఫ్రెంచి మాధుర్యం, నల్లజాతివారి 'రిథమ్ అండ్ బ్లూస్' ఊపు కలిసి ఆ నేలలో పుట్టిన సంగీతమే 'స్వాంప్ పాప్'. స్వాంప్ అనగా చిత్తడి నేలయే.

చార్లెస్‌కు ఏ వాద్యమూ వాయించడం రాదు. స్వరలిపి చదవడమూ రాదు. అయినా పదమూ బాణీ జంటగా ఆయన మనసులో మెదిలేవి. ఒక రాత్రి మిత్రుల వద్ద సెలవు తీసుకొంటూ, ఎలిగేటర్ అనే మొసలి పేరుతో ప్రాస కలిపి 'మళ్లీ కలుద్దాం' అన్నాడట. అక్కడున్న ఒక అపరిచిత యువతి మరో జాతి మొసలి పేరుతో తడుముకోకుండా బదులు పలికింది. ఆ చమత్కారమే 'సీ యూ లేటర్, ఎలిగేటర్' అనే పాట అయింది. షికాగోలోని చెస్ రికార్డు సంస్థ అధిపతి లియొనార్డ్ చెస్ టెలిఫోనులో ఆ గొంతు విని, గాయకుడు నల్లజాతి యువకుడని భావించి ఒప్పందానికి అంగీకరించాడు. 1955లో రికార్డు వెలువడింది. మరుసటి ఏడాది బిల్ హేలీ బృందం పాడగా అదే పాట అమెరికాలోను, బ్రిటన్‌లోను మారుమోగింది. జనం దృష్టిలో అది హేలీ పాట అయిపోయింది!

ప్రఖ్యాత గాయకుడు ఫ్యాట్స్ డామినో ఒకమారు తన ఊరికి రమ్మని ఆహ్వానించాడు. తనకు కారు లేదని, నడిచి రావలసిందేనని చార్లెస్ బదులిచ్చాడు. ఆ మాట నుండి పుట్టినదే 1960లో డామినో పాడిన 'వాకింగ్ టు న్యూ ఆర్లీన్స్'. రచయితలుగా దానిపై ముగ్గురి పేర్లున్నాయి. 1961లో క్లారెన్స్ హెన్రీ పాడిన 'బట్ ఐ డూ' కూడా చార్లెస్ కలం సొత్తే. 1994లో 'ఫారెస్ట్ గంప్' చిత్రం ద్వారా అది కొత్త తరానికి చేరింది. చిత్రం చూసినవారిలో రచయితను ఎరిగినవారెందరు?

ఊరూరా తిరిగి పాడే జీవితం ఆయనకు రుచించలేదు. 1972లో వుడ్‌స్టాక్‌లో 'ద బ్యాండ్' బృంద సభ్యుల తోడ్పాటుతో చక్కని ఆల్బమ్ చేశాడు. 1976లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఆ బృందపు వీడ్కోలు కచేరీలో పాడాడు. 'ద లాస్ట్ వాల్ట్జ్' చలనచిత్రంలో ఆ పాట చేరలేదు. చివరి బృందగానంలో మాత్రమే ఆయన కనిపిస్తాడు. తరువాత చాలాకాలం లూసియానాలోనే మరుగున జీవించాడు.

దీనిని ఓటమి అనడం న్యాయమా? కండబలంతో, సంచారంతో గడించే కీర్తి ఒకటి. పదిమంది నోట పలికించే కీర్తి మరొకటి. చార్లెస్ రెండవదానిని ఎంచుకొన్నాడు. ఏకాంతం ఆయన ఇచ్ఛ. కాని పాట కింద రచయిత పేరు చదవకపోవడం ఆయన కోరినది కాదు, అది శ్రోతల అలసత్వం. ఈ రెండింటిని కలగలిపి, మరుగున ఉన్నాడు కనుక మరచిపోయామనడం సమంజసం కాదు.

2005లో రీటా తుఫాను హాలీ బీచ్‌లోని ఆయన ఇంటిని నేలమట్టం చేసింది. 2007లో లూసియానా సంగీత ప్రముఖుల సరసన ఆయనకు స్థానం లభించింది. 2010 జనవరి 14న, పుట్టిన ఆబెవిల్‌లోనే కన్నుమూశాడు. ఆ ఏడాదే వెలువడిన ఆయన చివరి ఆల్బమ్ 'టైమ్‌లెస్' ఫ్యాట్స్ డామినోకు అంకితం.