నీటికిని హద్దు వలయును

కృష్ణలో పడవవిహార మనగానే మనవారిలో రెండు పక్షములు లేచుచున్నవి. నీటిని వినోదమున కమ్ముకొనరాదని యొకరందురు. పడవలు రానిదే పల్లెకు రూక రాదని వేరొకరందురు. పడవ యుండవచ్చునా యన్నది కాదు, అది యే నెలలో, ఎచ్చటికి, ఎంత దగ్గరకు పోవచ్చునన్నదే ప్రశ్న యని మేము తలంచుచున్నాము.

వనపర్తి జిల్లా దక్షిణపు టంచున కృష్ణ పాఱుచున్నది. ఎగువను జూరాల జలాశయము. దిగువను, నాగర్‌కర్నూలు జిల్లా సోమశిల కడ, శ్రీశైలము ఆనకట్ట వెనుకనీరు. ఇటీవలి యేండ్లలో సోమశిలనుండి శ్రీశైలమునకు పర్యాటకులకై లాంచీలు నడపిరి. ఆ త్రోవ అమ్రాబాదు పులుల అభయారణ్యము నొరసికొని పోవును. జూరాల నీళ్లలో మొసళ్లున్నవి. అవి పొలములలోనికి వచ్చుటయు వనపర్తివారికి క్రొత్తగాదు.

నీరు తగ్గు కాలమున ఆడుమొసలి యొడ్డున గుంత త్రవ్వి పాతిక ముప్పది గ్రుడ్లు పెట్టి, రెండు నెలలు కావలి యుండును. ఆ వేసవిలోనే నదీటెర్నులను సన్నని పిట్టలు నడియేటి దిబ్బలపై వట్టి యిసుకలోనే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డుది ఇసుకరంగు, కాలు పడువఱకు కంటబడదు. తల్లి లేచిపోయినచో ఎండకు మాడును, లేదా కాకి పాలగును.

తెడ్డుపడవ నిరపాయమని పట్టణములందలి విద్యావంతుల నమ్మకము. చమురు రాలదు, చప్పుడు లేదు, నిజమే. కాని లాంచీ లోతునీటిని విడిచి రాలేదు. కయాకు మోకాలిలోతు నీటిలో జమ్ములోనికిని, దిబ్బ యంచునకును దూరును. చప్పుడు లేకుండుటచేతనే పక్షికి ముందు తెలియదు. మీదికి వచ్చిన పిమ్మట నొక్కుమ్మడి లేచును. చలికాలమున హిమాలయములు దాటి దక్కనుకు వచ్చు చారలతల బాతులు, ఇచ్చట మేసి కూడబెట్టుకొన్న కొవ్వుతోనే మరలి పోవలయును. పొద్దుటినుండి పదిమార్లు వానిని లేపినచో మేత యెప్పుడు, బలమెక్కడ?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, పక్షుల యొక్కయు సరీసృపముల యొక్కయు గ్రుడ్లను, గూళ్లను కలతపెట్టుటను గూడ 'వేట' యను మాటలోనే చేర్చినది. తుపాకి పట్టినవాడే వేటగాడనుకొను పెద్దమనుష్యులు, కెమెరాతో దిబ్బ యెక్కినప్పుడు తామేమగుదురో యోచింతురు గాక!

ఇక పుట్టి మాట. వెదురుతో అల్లిన గుండ్రని పుట్టితో తరతరములుగ జాలరులు ఈ యేట బ్రదుకుచున్నారు. నిషేధమన్నంతనే ముందుగా గట్టుకు లాగబడునది వాని పుట్టియే గాని టిక్కెట్టు కొన్నవాని పడవ కాదు. ఇంతకంటె అన్యాయమేమి? జాలరి నిత్యమును ఒకే త్రోవను పోయి వలవేసి మరలును. అలవాటుపడిన కొంగ తల యెత్తి చూచి యూరకుండును. విహారి చూడవచ్చినదే పక్షిని గనుక పక్షి వెంటనే పడును. జాలరియందు దోషము లేదనము. తెగిన నైలాను వలను నీటనే విడుచుట మంచి యలవాటు కాదు. అది పుట్టిని మాన్పించుటకు కారణము మాత్రము కాజాలదు.

2019 సెప్టెంబరు 15 న గోదావరిలో కచ్చులూరు కడ విహారపు లాంచీ మునిగిన పిమ్మట అనుమతులను గూర్చియు లైఫ్ జాకెట్లను గూర్చియు ఎంతయో చర్చ జరిగినది. అది వలసినదే. ఆ యనుమతిపత్రముననే మరి రెండు పంక్తులు చేర్చుటకు ఖర్చేమి? ఫిబ్రవరి మొదలు వానలు పడువఱకు దిబ్బలకును, మొసళ్లు గ్రుడ్లుపెట్టు ఒడ్డులకును రెండువందల గజముల లోపల ఏ విహారపు పడవయు పోరాదు. చలికాలమున జమ్ము మడుగులలోనికి తెడ్డుపడవయు రాదు. మిగిలిన నీరంతయు విహారులదే. మనపిల్లలు తెడ్డు పట్టుట నేర్వవలయుననియే మా కోరిక.

నీటిపై గీత నిలుచునా యని కొందరు నవ్వుదురు. పీపాలను త్రాట కట్టి తేల్చినచో నిలుచును. అయితే నీరు దిగినకొలది క్రొత్త దిబ్బలు బయటపడును. వారమువారము పీపాలు జరుపవలయును. దానికి జిల్లాకచ్చేరిలోని పటము చాలదు. ఏ దిబ్బ యెప్పుడు తేలునో యెరిగినవాడు పుట్టివాడే. జీతమిచ్చి ఆ పనిని వానికే యొప్పగింపవలయును, అదియు దిబ్బలు తేలకముందే.