చప్పుడు కావాలి, జనం బరువు

2007లో వన్డే ప్రపంచకప్ తొలిసారి వెస్టిండీస్‌లో జరిగింది. అక్కడ క్రికెట్ చూడటమంటే ఇంటి నుంచి వండుకొచ్చింది పక్కవాళ్లకూ పెడుతూ, శంఖాలు ఊదుతూ, డ్రమ్ములు వాయిస్తూ రోజంతా గడపడం. ఆంటిగ్వాలోని పాత రిక్రియేషన్ గ్రౌండ్‌లో ఒక స్టాండంతా ‘చికీస్’ డిస్కో హోరుకు ఊగిపోయేది. ఓవర్ ముగిస్తే పాట, వికెట్ పడితే పాట. ఐసీసీ టోర్నీ వచ్చేసరికి బయటి తిండి వద్దన్నారు, వాయిద్యాల మీద ఆంక్షలు పెట్టారు, టికెట్లను స్థానికుల జేబుకు అందకుండా చేశారు. జనం రాలేదు. కోట్లు పోసి కట్టిన స్టేడియాల్లో ఖాళీ కుర్చీలు టీవీలో కొట్టొచ్చినట్టు కనిపించాయి. ఆంటిగ్వాలో ఊరికి దూరంగా లేపిన కొత్త స్టేడియానికి ఎవరి పేరు పెట్టారో ఆ వివియన్ రిచర్డ్సే ఈ ఆంక్షలను తప్పుపట్టారు. 

ఇదేదో నిర్వాహకులు మర్యాద మరిచిన వ్యవహారమని సరిపెట్టుకోలేం, లెక్క తప్పిన వ్యాపారం కూడా. 2020లో కరోనా వల్ల ఐపీఎల్‌ను యూఏఈలో ఖాళీ స్టాండ్ల ముందు ఆడించారు. అప్పుడు ప్రసారకర్తలు చేసిన మొదటి పని, పాత మ్యాచ్‌లలో జనం చేసిన గోలను రికార్డుల్లోంచి తీసి సిక్సర్ సిక్సర్‌కూ కలపడం. గోల లేకపోతే ఆట చప్పగా ఉంటుందని వాళ్లకు తెలుసు. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. ఆ సరుకులో స్టాండ్ల కేకలు, ఈలలు, ముఖాలకు పూసుకున్న రంగులు కూడా ఉన్నాయి. అంటే ఎండలో కూర్చున్న ప్రేక్షకుడు టికెట్‌కు తానే డబ్బు కట్టి మరీ ప్రసారానికి పని చేసిపెడుతున్నాడు. అలాంటి మనిషిని గేటు దగ్గర అనుమానితుడిలా చూస్తున్నారు.

భద్రత సంగతేమిటని అడిగేవారున్నారు. అడగాల్సిందే. 1996 ప్రపంచకప్ సెమీఫైనల్లో ఈడెన్ గార్డెన్స్‌లో సీసాలు విసిరి, మంటలు పెట్టడంతో మ్యాచ్‌ను శ్రీలంకకు ఇచ్చేశారు. 2015లో కటక్‌లో దక్షిణాఫ్రికాతో టీ20 కూడా నీళ్ల సీసాల వానతో ఆగింది. కాబట్టి సీసాలు వద్దనడంలో న్యాయం ఉంది. అయితే సీసా లాక్కున్నవాడి మీద దాహం తీర్చే బాధ్యత కూడా పడుతుంది. 2023 ప్రపంచకప్‌లో ప్రేక్షకులకు తాగునీరు ఉచితమని బీసీసీఐ ప్రకటించింది. సరిగ్గా ఏడాదికి, 2024 అక్టోబరులో న్యూజిలాండ్‌తో పుణె టెస్టు తొలిరోజే ఏమైంది? అక్కడ స్టేడియంలో చాలా భాగానికి పైకప్పు లేదు. తొలి పూట గడిచేసరికి స్టాళ్లలో నీళ్లు నిండుకున్నాయి. జనం క్రికెట్ సంఘానికి వ్యతిరేకంగా నినాదాలు చేశాక గానీ సీసాలు పంచలేదు, క్షమాపణ చెప్పలేదు. గమనించారా, గేటు దగ్గర లాక్కున్న వస్తువే గొడవ మొదలయ్యాక లోపల పంచిపెట్టాల్సి వచ్చింది. ఆ సీసా నిజంగా అంత ప్రమాదమైతే ఆ పని చేసేవారా?

మరికొన్ని నిషేధాలకు భద్రతతో సంబంధమే లేదు, అవి స్పాన్సర్ల కోసం. 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో స్టుట్‌గార్ట్‌లో ఐవరీకోస్ట్‌తో మ్యాచ్‌కు డచ్ అభిమానులు తమ జట్టు రంగైన నారింజ నిక్కర్లు వేసుకొచ్చారు. వాటి మీద ఒక బీరు కంపెనీ పేరుంది, అధికారిక స్పాన్సర్ మరో బీరు కంపెనీ. గేటు దగ్గరే విప్పించారు, చాలామంది లోదుస్తులతోనే ఆట చూశారు. ప్రచారం కోసమే ఆ కంపెనీ నిక్కర్లు పంచిందన్నది నిజమే. కానీ రెండు కంపెనీల తగవులో బట్టలు పోయింది అభిమానికి. ఇక గోల మిగతావాళ్లకు ఇబ్బంది అనే వాదనకు 2010 దక్షిణాఫ్రికా జవాబు చెప్పింది. వువుజెలా బూరలు ఆపించమని ప్రసారకర్తలు, కొందరు ఆటగాళ్లు మొత్తుకున్నా ఫిఫా ఒప్పుకోలేదు. టీవీ సంస్థలు ఆ శబ్దాన్ని వడగట్టుకునే మార్గం వెతుక్కున్నాయి. శ్రీలంకలో పపరె బ్యాండ్లు ఇప్పటికీ మ్యాచ్ పొడవునా వాయిస్తూనే ఉంటాయి, అందుకని అక్కడ క్రికెట్ ఆగిపోలేదు.

మైదానానికొచ్చే జనాన్ని ఇలా పక్కన పెట్టే తప్పులో మన వాటా కూడా ఉంది. 2024 టీ20 ప్రపంచకప్‌లో ఒక సెమీఫైనల్ ట్రినిడాడ్‌లో రాత్రి ఎనిమిదిన్నరకు మొదలైంది. భారత్ ఆడే రెండోది మాత్రం గయానాలో గురువారం ఉదయం పదిన్నరకు పెట్టారు. మనకు రాత్రి ఎనిమిది అవ్వాలి కదా! మనం భోజనాలు చేస్తూ చూసిన మ్యాచ్ కోసం గయానా ఉద్యోగి సెలవు పెట్టుకోవాలి. టీవీ ముందున్న కోట్లమంది సౌకర్యం ముఖ్యమంటే కాదనలేం, డబ్బు అక్కడి నుంచే వస్తుంది. కానీ ఆ లెక్కలో ఊరివాళ్లకు ఏ మినహాయింపూ దక్కకపోతే 2007 నాటి ఖాళీ కుర్చీలే మళ్లీ దిక్కు. సొంతగడ్డ మీదైనా మనవాళ్లకు ఒరిగిందేమీ లేదు. 2023 ప్రపంచకప్ షెడ్యూలు టోర్నీకి వంద రోజుల ముందు వచ్చింది, ఆగస్టులో తొమ్మిది మ్యాచ్‌ల తేదీలో వేళలో మారాయి, టికెట్ల అమ్మకం ఆ తర్వాతే మొదలైంది. రైలు టికెట్లు, లాడ్జి గదులు ముందే తీసుకున్నవాడి గోడు ఎవరికీ పట్టలేదు.

హైదరాబాద్‌లో 2022 సెప్టెంబరులో ఆస్ట్రేలియాతో ఉప్పల్ టీ20 టికెట్ల కోసం జింఖానా మైదానం దగ్గర తొక్కిసలాట జరిగి పలువురు గాయపడ్డారు. జనం ఎగబడ్డారని అనడం తేలిక. కౌంటర్లో ఎన్ని టికెట్లున్నాయో తెలియనప్పుడు ఎవరైనా ఎగబడతారు. ఉప్పల్‌లోనో విశాఖలోనో తర్వాతి అంతర్జాతీయ మ్యాచ్‌కు ముందు మొత్తం సీట్లెన్ని, అమ్మకానికి ఎన్ని, పాసులకు ఎన్ని అన్న మూడు అంకెలు ప్రకటించడానికి హైదరాబాద్ క్రికెట్ సంఘానికి (హెచ్‌సీఏ) గానీ ఆంధ్ర క్రికెట్ సంఘానికి (ఏసీఏ) గానీ కొత్త చట్టమేదీ అక్కర్లేదు, ఒక కాగితం చాలు.