రెప్పకూ స్నానం కావాలి

పడమటి గాలి – వారం వారం

మొన్న మదనపల్లెలో మా అన్న ఇంటికి పోయినప్పుడు మేనకోడలు మొహం కడుక్కోవడం చూశాను. కడుక్కోవడం అనడానికి లేదు. తడిగుడ్డతో నుదురు తుడిచింది, బుగ్గలు తుడిచింది, గడ్డం తుడిచింది. కళ్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. గోడకు రంగు వేసేవాడు స్విచ్చు బోర్డు చుట్టూ వదిలేసినట్టు రెండు కళ్లనూ వదిలేసింది.

"ఏమ్మా, కళ్లేం పాపం చేసినాయి?" అన్నాను.

"నీళ్లు తగలనీయొద్దన్నారు అత్తా. ఎక్స్‌టెన్షన్లు ఊడిపోతాయంట."

బెంగుళూరులో ఉద్యోగం. అక్కడే ఓ పార్లర్లో పది రోజుల కింద ఐలాష్ ఎక్స్‌టెన్షన్లు వేయించుకుని వచ్చింది. కిటికీ దగ్గర నిలబెట్టి చూశాను. అడుగు దూరం నుంచి కళ్లు బొమ్మలో గీసినట్టు ఉన్నాయి. దగ్గరికి పోయి చూస్తే వెంట్రుకల మొదళ్లలో తెల్లటి పొట్టు, నిన్నటి కాటుక, మొన్నటి పౌడరు. ఒకచోట మూడు వెంట్రుకలు కలిసి ముద్దకట్టాయి. రెప్ప అంచు ఎర్రగా ఉంది. పొద్దున లేస్తూనే దురద పెడుతోందట. రుద్దితే రాలిపోతాయని చేతులు కట్టుకుని కూర్చుంటోందట.

పక్క గదిలోంచి మా అవ్వ అందుకుంది: "కన్ను కడుక్కోనీయని సోకు ఏం సోకు మే?"

అవ్వ మాటలో సగం ఒప్పుకుంటాను. సోకులో తప్పు లేదు. కడుక్కోకపోవడంలోనే ఉంది తప్పంతా.

కళ్లకు సింగారం మనకు కొత్త కాదు. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి, పట్టిన మసిని గీరి, అదే ఆముదం కలిపి భరిణెలో పెట్టుకున్న అవ్వల మనవరాళ్లం మనం. మదనపల్లె, పుంగనూరు ముస్లిం ఇళ్లల్లో సుర్మా భరిణె, సన్నటి పుల్ల ఉండేవి. అయితే కాటుక ఆయుష్షు ఒక్క పూట. సాయంత్రం మొహం కడిగితే సగం పోయేది, పొద్దున స్నానంతో మిగతాది పోయేది. ఎక్స్‌టెన్షన్లు అట్ల కావు. రెండు మూడు వారాలు కంటినే అంటిపెట్టుకుని ఉంటాయి. అన్నాళ్లు ఉండే వస్తువుకు రోజువారీ శుభ్రత తప్పదు.

మరి "నీళ్లు తగలనీయొద్దు" అన్న మాట ఎట్ల పుట్టింది? సొంత రెప్ప వెంట్రుకకు కృత్రిమ వెంట్రుకను అతికించే జిగురు సయనోఅక్రిలేట్ జాతిది. 1942లో అమెరికాలో కొడాక్ కంపెనీ శాస్త్రవేత్త హ్యారీ కూవర్ బృందం తుపాకుల గురిచూపు పరికరాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ వెతుకుతుంటే ఇది చేతికొచ్చింది. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుపోతోందని విసుగెత్తి పక్కన పడేశారు. 1951లో మళ్లీ చూసి దాని విలువ గుర్తించారు. 1958లో జిగురుగా అంగట్లోకి వచ్చింది. మన కిరాణా కొట్లో దొరికే ఫెవిక్విక్ కూడా ఈ జాతిదే. అట్లని దాన్ని రెప్పల దగ్గరికి తెచ్చేరు, కళ్లు పోతాయి! రెప్పలకు వాడేది వేరుగా తయారవుతుంది.

ఈ జిగురుకు ఒక విచిత్ర గుణం ఉంది. అది గట్టిపడేది తేమ తగిలితేనే. గాలిలోని తేమతో మెల్లగా బిగుసుకునే ఆ మొదటి ఒకటి రెండు రోజులు తడపొద్దు, ఆవిరి పట్టొద్దు అని వేసేవాళ్లు చెబుతారు. అంతవరకు సబబే. ఆ రెండు రోజుల జాగ్రత్తను మన అమ్మాయిలు మూడు వారాలకు సాగదీశారు. బాలింత పథ్యం బిడ్డ బడికి పోయేదాకా పట్టినట్టుంది వ్యవహారం.

కడగకపోతే ఏమవుతుంది? రెప్ప అంచున వరుసగా మెయిబోమియన్ గ్రంథులు ఉంటాయి. ఒక్క పై రెప్పలోనే పాతిక నుంచి నలభై దాకా. అవి వదిలే నూనె కన్నీటి మీద పొరలా పరుచుకుని కన్ను ఎండిపోకుండా కాపాడుతుంది. ఆ నూనె, రాలిన చర్మపు పొట్టు, దారిలో దుమ్ము, మొహాన పౌడరు అన్నీ ఎక్స్‌టెన్షన్ల మొదళ్లలో చిక్కుకుంటాయి. గ్రంథుల నోళ్లు పూడుకుపోతాయి. బ్యాక్టీరియాకు పండగ. వెంట్రుక కుదుళ్లలో బతికే డెమోడెక్స్ అనే పురుగు ఒకటుంది. పొడవు మిల్లీమీటరులో మూడో వంతు. చాలామంది పెద్దవాళ్ల రెప్పల్లో చడీ చప్పుడు లేకుండా ఉండేదే, మురికి దొరికితే సంతానం పెంచుకుంటుంది. చివరికి రెప్పల అంచులు వాచి, ఎర్రబడి, పొట్టు రాలుతుంది. దాన్ని కంటి డాక్టర్లు బ్లెఫరైటిస్ అంటారు.

మా పిల్లకు ఆ సాయంత్రమే కడిగించాను. బ్యాగులో వెతికితే పార్లరువాళ్లు అమ్మిన నురగ సీసా సీలు కూడా తీయకుండా ఉంది. "ఇది కొనమని చెప్పినారు గానీ ఎట్ల వాడాల్నో చెప్పలేదత్తా" అంది. మీలో ఎవరికైనా పనికొస్తుందని మేం చేసిన పద్ధతి చెబుతాను.

ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. లెన్సులు పెట్టుకునేవాళ్లు తీసేయాలి. నూనె లేని, రెప్పల కోసమే తయారైన నురగ తీసుకుని, కళ్లు మూసి, పసిపిల్లల జుట్టు దువ్వే కుచ్చుకన్నా మెత్తటి చిన్న బ్రష్షుతో రెప్ప అంచు నుంచి వెంట్రుకల కొసలకు మెల్లగా దిగాలి. అడ్డంగా రుద్దకూడదు. మొదళ్లను మరిచిపోకూడదు, మురికంతా ఉండేది అక్కడే. ఒక్కో కంటికి అర నిమిషం చాలు. తరువాత దోసిలితో చల్లటి మంచినీళ్లు మెల్లగా పోసుకోవాలి. మన పడమటి మండలాల్లో బోరునీళ్లు బకెట్టు అంచున కూడా తెల్లచార కడతాయి. కాబట్టి ఆఖరి గ్లాసు ప్లాంటు నీళ్లయితే మేలు. దూదితో తుడిస్తే పోగులు చిక్కుకుంటాయి, టవలుతో రుద్దితే వెంట్రుకలు లేస్తాయి. పోగులు రాలని మెత్తటి గుడ్డను అద్దితే సరిపోతుంది. ఆరాక చిన్న దువ్వెన కుచ్చుతో నడిమి నుంచి కొసకు ఒకసారి దువ్వాలి.

మేకప్ వేసుకునేవాళ్లకు, దుమ్ములో తిరిగేవాళ్లకు ఇది రోజూ పని. మిగతావాళ్లు రోజు విడిచి రోజుకు తగ్గకుండా చేయాలి. బేబీ షాంపూ నీళ్లలో కలిపి వాడమనే సలహా పాతది. రెప్పల కోసం చేసిన నురగ దొరుకుతున్నప్పుడు దాని జోలికి పోనక్కరలేదు. వాటర్‌ప్రూఫ్ మస్కారా అసలే వద్దు, దాన్ని వదిలించడానికి నూనె కావాలి, రుద్దుడు కావాలి. బోర్లా పడుకునే అలవాటు కూడా ఆ మూడు వారాలు మానుకోవాల్సిందే.

నురగతో కడుగుతుంటే రెండు వెంట్రుకలు బ్రష్షుకు వచ్చాయి. పిల్ల మొహం తెల్లబోయింది. భయపడే పని లేదు. తలవెంట్రుకల్లాగే రెప్ప వెంట్రుకలూ పెరిగి, ఆగి, రాలి, మళ్లీ మొలుస్తాయి. రోజూ కొన్ని రాలడం ప్రకృతి. రాలేది దానికి అతికించినదాన్నీ వెంట తీసుకుపోతుంది. రెండు మూడు వారాలకోసారి మళ్లీ నింపమనేది అందుకే. ఊగుతోంది కదా అని గోటితో పీకితే మాత్రం సొంత వెంట్రుక కూడా కుదురుతో వస్తుంది. పదేపదే అట్ల పీకితే ఆ చోట మొలవడమే మానేయవచ్చు.

పెళ్లికూతుళ్లకు ఇంకో చిక్కుంది. పెళ్లికి రెండు రోజుల ముందు బెంగుళూరు పోయి వేయించుకొస్తారు. మరుసటి రోజే నలుగు. ముత్తైదువులు నూనె పెడతారు, పిండి రుద్దుతారు, మంగళస్నానం అంటూ నెత్తిన నీళ్లు పోస్తారు. ఆపైన హోమం పొగ. ఆపైన అప్పగింతల ఏడుపు. నూనె తగిలితే జిగురు పట్టు సడలుతుందని వేసేవాళ్లే అంటారు. నన్నడిగితే పెళ్లి ఒక్కపూటకు పట్టీలాంటి స్ట్రిప్ ల్యాషెస్ చాలు. రాత్రికి తీసి డబ్బాలో పెట్టుకోవచ్చు, మొహం నిండా నీళ్లు పోసుకోవచ్చు.

దుమ్ము సంగతి ఎందుకు ఎత్తానంటే, మనది దుమ్ములో బతికే సీమ. మంచి గాలి కోసం 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి కట్టారు. ఇప్పుడు అదే మదనపల్లెలో టమాటా మార్కెట్ దారి పడితే లారీల వెనక కళ్లు తెరవలేం. కుప్పంలో గ్రానైటు పొడి, తెల్లవారి బెంగుళూరు రైలు కిటికీ దగ్గర గాలి దెబ్బ. ఇట్లాంటి చోట రెప్ప వెంట్రుక అలంకారం కన్నా ముందు కాపలా. 2015లో అమెరికా జార్జియా టెక్ పరిశోధకులు 22 రకాల క్షీరదాల రెప్ప వెంట్రుకలు కొలిచారు. కంటి వెడల్పులో దాదాపు మూడో వంతు పొడవుంటేనే గాలిని, దుమ్మును బాగా ఆపుతాయని తేల్చారు. అంతకు మించితే గాలిని కంట్లోకే మళ్లిస్తాయట. పుంగనూరు ఆవు పొట్టిదైనా ఆ ఒంటికి తగిన అందం దానిది. మనమూ పొడవెక్కువ కావాలని పట్టుబట్టకుండా కంటికి తగినంత అడిగితే అందమూ మిగులుతుంది, కన్నూ మిగులుతుంది.

ఇంట్లో ఎంత కడిగినా తగ్గని ఎరుపు, నొప్పి, వాపు, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం ఉంటే పార్లరుకు ఫోన్ చేసి లాభం లేదు. అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. కొందరికి జిగురే పడదు, దాని ఆవిర్లకే కళ్లు మండుతాయి. అట్లాంటివాళ్లు తెలిసినవాళ్ల చేత ద్రావకంతో తీయించుకుని ఈ సోకుకు దండం పెట్టడమే.

ఇక పార్లర్లు నడిపే అక్కచెల్లెళ్లకు నా విన్నపం. మీలో చానామంది అప్పు చేసి కోర్సు నేర్చుకుని, నడుము విరిగేలా గంటల తరబడి వంగి ఒక్కో వెంట్రుకా అతికిస్తారని తెలుసు. అంత కష్టం చేసేవాళ్లు ఇంకో ఐదు నిమిషాలు ఖర్చు పెట్టండి. వచ్చిన పిల్లను అద్దం ముందు కూర్చోబెట్టి ఒకసారి కడిగే పద్ధతి చూపించండి. మొదటి రెండు రోజులు ఏం చేయకూడదో, మూడో రోజు నుంచి ఏం చేయాలో ఒక చీటీ మీద తెలుగులో, మన వీధుల్లో ఉర్దూలో, కుప్పంలో అయితే తమిళంలో కూడా రాసి చేతికివ్వండి. వాడే జిగురు సీసా మీద తయారుచేసినవాళ్ల పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయో లేదో వాళ్లకే చూపించండి.

వేయించుకోబోయే అమ్మాయిలకు ఒక్క మాట. కుర్చీలో పడుకునే ముందు "ఇంట్లో ఎట్ల కడుక్కోవాల?" అని అడగండి. "మూడు వారాలూ కడగొద్దు" అని జవాబు వస్తే, చెప్పులేసుకుని ఇంటికి వచ్చేయండి.

– పడమటి అమ్మి