మనము, మేము

తెలుగు చెప్పు ఉపాధ్యాయుడు చిన్న తరగతులలోనే బోధించు భేదమొకటి కలదు. ఎదుటివారిని కలుపుకొన్నచో ‘మనము’, విడిచినచో ‘మేము’. ఆంగ్లమున ఈ రెంటికిని ఒక్కటే మాట. గడచిన నలుబది యేండ్లలో తెలుగు స్త్రీవాదము నడచిన దారి యీ రెండు సర్వనామముల నడుమ నున్నదనిన అతిశయోక్తి కానేరదు.

తెలంగాణ సాయుధ పోరాటమున పాల్గొన్న స్త్రీల అనుభవములను స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా వెలువరించినది. పేరులోనే రెండుమారులు ‘మన’! 1993లో ‘నీలిమేఘాలు’ కవితా సంకలనము వచ్చునాటికి ఆ మాట బలము పుంజుకొన్నది. వంటయిల్లు, దేహము, ప్రసవవేదన కవితావస్తువులైనవి. పండితులు కొందరు నొసలు చిట్లించిరి. అది వేరొక కథ.

అయితే ఆ ‘మన’లో ఎవరెవరున్నారు? వంటయింటి చాకిరికి వగచు ఇల్లాలి యింట అంట్లు తోము స్త్రీ అందులో నున్నదా? ఈ ప్రశ్నను దళిత రచయిత్రులే యడిగిరి. గోగు శ్యామల సంపాదకత్వమున 2003లో ‘నల్లపొద్దు’ వెలువడినది. 2006లో ఆమెయు, వరంగల్లు జిల్లాలో జన్మించిన జూపాక సుభద్రయు కలిసి ‘నల్లరేగటిసాల్లు’ తెచ్చిరి. దాని ఉపశీర్షికలో ‘స్త్రీల కథలు’ అని లేదు, ‘ఆడోల్ల కతలు’ అని యున్నది. ‘కథ’లోని మహాప్రాణము జారిపోయిన చోట ‘మేము’ అను ధ్వని స్పష్టముగ వినవచ్చును. దానికి ఎఱ్ఱసిరాతో సున్న చుట్టు ఉపాధ్యాయునకు వ్యాకరణము తెలియును గాని సాహిత్యము తెలియదు.

పాలకుర్తిలో విసునూరు దేశముఖునెదిరించి తన పొలమును నిలుపుకొన్న చిట్యాల ఐలమ్మనే చూడవచ్చును. దొరల నోట తక్కువచూపుగా నుండిన ‘చాకలి’ శబ్దము ఆమె పేరితో కూడి 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమునకు నామధేయమైనది. ‘మేము’ అనుట చీలిక యైనచో ఇంతటి గౌరవము దానివలన కలుగునా?

నేటి యువతుల ‘మేము’ చేతిఫోనులో పుట్టుచున్నది. పల్లె పిల్లకు సంపాదకుని అనుమతి అక్కరలేదు. 2018లో ‘మీటూ’ దినములలో ఏండ్లకొలది మూగవోయిన మాటలు రాత్రికి రాత్రి బయటపడినవి. ఈ లాభమును తక్కువ చేయరాదు. కాని సుభద్ర, శ్యామల ముందటి తరముతో ముఖాముఖి వాదించి ‘మేము’ అనిరి. నేడో, మాట ముగియక మునుపే “నీవెవరు?” అను ప్రశ్న లేచుచున్నది. 1986 నాటి గ్రంథమును తెరువకయే తోసివేయు విద్యార్థినియు, ‘నల్లపొద్దు’ను చూడకయే “కులము తెచ్చి చీల్చిరి” అను ఉపాధ్యాయుడును ఒక్క బడివారే. ఇందులో పెద్దవాని తప్పే పెద్దది.

కాకతీయ విశ్వవిద్యాలయమున ఆచార్యులుగ నుండిన కాత్యాయనీ విద్మహే గారి ‘సాహిత్యాకాశంలో సగం’ 2013లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందినది. స్త్రీవాద విమర్శకు ఇంతటి పీఠమైన వరంగల్లున ఈ పని కష్టము కాదు. ఐలమ్మను గూర్చి చెప్పు వారమున ‘మనకు తెలియని మన చరిత్ర’ను, ‘నల్లపొద్దు’ను తరగతికి తెప్పించి, మొదటి గ్రంథమున ఎవరి కులము ప్రస్తావనకు వచ్చినదో, ఎవరిది రాలేదో పిల్లల చేతనే వెదకింపవచ్చును.