టికెట్ కౌంటర్ దగ్గరే ఆగిపోయే కుటుంబాలు

హైదరాబాద్ శివార్లలో హిమాయత్ సాగర్ పక్కన, ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గరగా ఉన్న కొత్వాల్‌గూడలో ఎకో పార్కు కట్టాలని హెచ్‌ఎండీఏ తలపెట్టింది. 2022లో శంకుస్థాపన జరిగింది. పక్షుల కోసం పెద్ద ఎన్‌క్లోజర్, సీతాకోకచిలుకల తోట, అక్వేరియం, నడకదారులు, గుడారాల్లో బస – కుటుంబమంతా కలిసి ఒక రోజు గడపడానికి కావలసినవెన్నో ఆ ప్రణాళికలో ఉన్నాయి. సెలవు వస్తే షాపింగ్ మాల్, లేకపోతే సినిమా హాలు అన్నట్టు తయారైన నగరంలో ఇలాంటి తలంపు మంచిదే. అయితే సంఘము అడగవలసిన ప్రశ్న ఒకటుంది. అక్కడికి వెళ్లగలిగేది ఏ కుటుంబం?

మన సంఘాల్లో ఆదివారం వరుసగా కూర్చునేవారిని ఒకసారి తలచుకోండి. అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసే తల్లులు, వాచ్‌మెన్లు, ఆటో నడిపేవారు, తెల్లవారకముందే చీపురు పట్టే పారిశుద్ధ్య కార్మికులు. రెండు గదుల ఇంట్లో ఐదుగురు. టికెట్ మనిషికి 50 రూపాయలే అనుకుందాం. ఐదుగురికి 250. పిల్లలు లోపల అక్వేరియం చూస్తామంటే దానికి వేరే టికెట్. బయటి తిండి తేవద్దని బోర్డు పెడితే సమోసాకు, నీళ్ల సీసాకు లోపలి ధర. ఇక దారి ఖర్చు. మెట్రో అటువైపు వెళ్లదు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ప్రయాణం ఉచితం, అది పెద్ద మేలే. కాని బస్సు పార్కు గేటు దాకా వెళ్లకపోతే ఆ ఉచితం సగం దారిలోనే దింపేస్తుంది. మిగతా సగానికి ఆటో. లెక్క చూసుకుని ఆ తండ్రి, ‘వచ్చే నెల వెళ్దాంలేరా’ అంటాడు. ఆ వచ్చే నెల ఎప్పుడొస్తుందో పిల్లలకు బాగా తెలుసు.

పార్కు కట్టడం ప్రభుత్వం చేసే దానధర్మం అనుకునేవారున్నారు. 74వ రాజ్యాంగ సవరణతో చేరిన 12వ షెడ్యూలు చూడండి. పార్కులు, తోటలు, ఆటస్థలాలు కల్పించడం పట్టణ పాలక సంస్థలకు అప్పగించదగిన పనుల్లో ఒకటిగా అందులో రాసి ఉంది. పిల్లలకు విశ్రాంతీ ఆటా హక్కు అని చెప్పే ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992లోనే చేరింది. బెంగళూరులో పార్కు కోసం విడిచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు కేటాయిస్తే అక్కడి నివాసులు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తేల్చింది. ఆసుపత్రి కూడా మంచిదే కదా అన్న వాదన అక్కడ నిలబడలేదు. అందరికీ చెందిన స్థలం కొందరి చేతికి వెళ్లకూడదన్నదే అక్కడి విషయం.

ఇందులో ఒక చిక్కుంది. హెచ్‌ఎండీఏ ఓట్లతో ఏర్పడిన సంస్థ కాదు. వీధి దీపం వెలగకపోతే కార్పొరేటర్ ఇంటి ముందు నిలబడగలం. హెచ్‌ఎండీఏ పార్కు టికెట్ ధర ఎక్కువైందని ఎవరి గుమ్మం తొక్కాలి? అందుకే ధర నిర్ణయించకముందే, నిర్వహణ కాంట్రాక్టు ఎవరి చేతికో వెళ్లకముందే మాట్లాడాలి. కాంట్రాక్టు మీద సంతకాలు పడ్డాక ‘మా చేతుల్లో లేదు’ అనే జవాబే వస్తుంది. ఏం అడగాలి? వారంలో ఒక రోజైనా ప్రవేశం ఉచితం. పార్కు గేటు దాకా ఆర్డినరీ బస్సు. ఇంటినుంచి క్యారియర్ తెచ్చుకుని చెట్టు కింద తినే అనుమతి. తాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్లు. చక్రాల కుర్చీ వెళ్లే దారి కూడా. వికలాంగుల వినోదానికి ఏర్పాట్లు చేయాలని 2016 నాటి చట్టమే చెబుతోంది.

సరస్సు మాట కూడా మరచిపోకూడదు. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచేశాక, మళ్లీ అలాంటిది రాకూడదనీ తాగునీరు అందాలనీ కట్టిన జలాశయం హిమాయత్ సాగర్. దాని ఒడ్డున వినోదం పేరుతో మురుగు చేరితే ఆ నీరు తాగేది మనమే.

కొందరు సంఘ పెద్దల భయం వేరు. ఇలాంటివి వస్తే ఆదివారం ఆరాధనకు రారని. ఆరు రోజులు ఇతరుల ఇళ్లు తుడిచిన తల్లికి ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే మిగులుతుంది. ఆరాధన ముగిశాక ఆమె పిల్లలతో పచ్చికలో కూర్చుంటే విశ్రాంతి దినానికి వచ్చే లోటేమిటి? యెరూషలేము తిరిగి నిలబడే రోజు ఎలా ఉంటుందో చూపించేటప్పుడు జెకర్యా ప్రవక్త వర్ణించింది గోడలనూ బురుజులనూ మాత్రమే కాదు. కర్ర పట్టుకున్న ముసలివారు వీధుల్లో కూర్చోవడం, పిల్లలు అక్కడే ఆడుకోవడం ఆయన 8వ అధ్యాయంలో చూస్తాం. ఆటను లోకసంబంధమైనదిగా చూసే మనవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 1844లో లండన్‌లో ప్రార్థనా గుంపుగా మొదలైన వైఎంసీఏ నుంచే 1891లో బాస్కెట్‌బాల్, 1895లో వాలీబాల్ పుట్టాయి. మద్రాసులో 1920లో వ్యాయామ ఉపాధ్యాయులకు కళాశాల తెరిచింది కూడా వైఎంసీఏనే. యూత్ మీటింగ్ తర్వాత కుర్రాళ్లు నెట్ కడితే మనం కళ్లెర్రజేయడం కొంచెం విడ్డూరమే.

ప్రభుత్వాన్ని అడిగేటప్పుడు వాళ్లు మనల్ని తిరిగి అడగగల ప్రశ్న కూడా ఉంది. నగరం నడిబొడ్డున, బస్తీలకు నడిచి వెళ్లేంత దగ్గరలో, చింతచెట్లూ వేపచెట్లూ ఉన్న మిషన్ కాంపౌండ్లు ఎన్నో మన చేతుల్లో ఉన్నాయి. వాటిలో కొన్ని దుకాణాల సముదాయాలయ్యాయి, కొన్ని కోర్టు వ్యాజ్యాల్లో నలుగుతున్నాయి. మిగిలినవి సాయంత్రం అయ్యేసరికి తాళం వేసుకుంటాయి. గేటు బయట పిల్లలు బైకుల మధ్య క్రికెట్ ఆడుతుంటారు. వారిలో మన సండే స్కూల్ పిల్లలూ ఉంటారు, మసీదు వీధి పిల్లలూ ఉంటారు. కొత్వాల్‌గూడకు బస్సు ఎప్పుడొస్తుందో మన చేతుల్లో లేదు. ఈ గేటు మన చేతుల్లోనే ఉంది. సాయంత్రం 4 నుంచి 7 దాకా తెరిచి ఉంచడానికి ఒక వాచ్‌మన్, ఒక కుళాయి, రెండు లైట్లు చాలు. వేసవిలో వీబీఎస్ జరిగే పది రోజులూ ఇవన్నీ మనం సమకూర్చుకుంటూనే ఉన్నాం. పదకొండో రోజు తాళం ఎందుకు పడుతోందో వచ్చే పాస్టరేట్ కమిటీ సమావేశంలో ఎవరైనా ఒకరు లేచి అడగాలి.